మదనపల్లెలో కుట్టిన తెరచాప

మదనపల్లె టమోటా మార్కెట్ దగ్గర ఎవరినైనా ఆపి టార్పాలిన్ ముద్దుకృష్ణ అంగడి ఎక్కడని అడగండి, వేలు పెట్టి చూపిస్తారు. ముప్పై ఆరేళ్లుగా ఆయన చేస్తున్నది ఒకటే పని, లారీలకు పట్టలు కుట్టడం. టమోటాలు చెన్నై పోనీ, కలకత్తా పోనీ, పైన కప్పింది ముద్దుకృష్ణ పట్ట అయితే డ్రైవరు నిశ్చింతగా నిద్రపోతాడు. అంటే నిద్రపోతూ నడుపుతాడని కాదు, ఢాబాలో మంచమెక్కినప్పటి మాట చెబుతున్నాను.

కుట్టడం పూర్తయిన ప్రతి పట్టకూ ఒక మూల తెల్ల పెయింటుతో 'ము.కృ.' అని రాస్తాడు. ఆ అక్షరాలున్న పట్ట ఇంతవరకు ఒక్కటీ వాపస్ రాలేదన్నది ఆయన గొప్ప. గొప్పేమిటి, పొగరే అనుకోండి. అంగడి వెనక గదిలో భార్య మంగమ్మ వీధి ఆడవాళ్లకు రవికలు కుడుతుంది. "అదీ ఒక కుట్టేనా? అగ్గిపెట్టంత గుడ్డ!" అని రోజుకొకసారైనా అనకపోతే ఈయనకు తిన్నది అరగదు. "అగ్గిపెట్టంత దాంట్లో మనిషిని పట్టించాల. నీదేముంది, దుప్పటి కప్పేపని," అని ఆమె మిషను ఆపకుండానే తిప్పికొడుతుంది.

ఈయనకు పని నేర్పిన గురువు కుప్పం అంకయ్య. రైలు పెట్టెలకు కవర్లు కుట్టిన మనిషి. శిష్యుడికి ఆయన నేర్పిన మంత్రం ఒకటే. "గాలంటే అల్లుడు గాదురా, పిల్చి కూసోబెట్టేదానికి. గాలి దొంగ. సందు దొరికితే దూరతాది, దూరితే చించి పోతాది." అందుకే ముద్దుకృష్ణ కుట్టు బిర్రుగా, చదునుగా, పలక మాదిరి ఉంటుంది.

అలాంటి అంగడికి ఒక పొద్దున వీణ వచ్చింది. పుంగనూరు పిల్ల, అంగళ్లు ఊరి వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఆఖరి సంవత్సరం. చంకలో తెల్లటి గుడ్డ చుట్ట, చేతిలో ఇంత పొడుగు డ్రాయింగు కాగితం.

"మీరు కుడతారా అంకుల్? నాలుగు చోట్ల తిరిగినాను. అందరూ నవ్వినారు."

"నేనూ నవ్వతాను. నవ్వినాక కుడతాను. ఇంతకీ ఏంది పాపా ఇది?"

"తెరచాప. పడవకు."

"పడవా? తాగేదానికే ట్యాంకర్ల కోసం కాసుకోని కూసునే ఊర్లో పడవేంది తల్లీ!"

ఆ పిల్ల ముగ్గురు స్నేహితురాళ్లతో కలిసి చిన్న పడవ తయారుచేసిందట. మూడు వారాల్లో సముద్రం మీద కాలేజీ పిల్లల పోటీ ఉంది. గుడ్డ పూనా నుంచి తెప్పించారు, ఇంకోసారి తెప్పించే వ్యవధి లేదు. "ఇది పాడైతే అంతే అంకుల్, మేము పోటీకి పోలేము," అంది వీణ.

ముద్దుకృష్ణ గుడ్డను వేళ్ల మధ్య నలిపి చూశాడు, చెవి దగ్గర పెట్టుకుని గీరి విన్నాడు. ఆయన సముద్రాన్ని చూసినవాడు కాదు. పుట్టింది పెద్దమండ్యం దగ్గరి మెట్ట పల్లెలో. చదివింది ఐదో క్లాసు. ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్నది లారీల నంబరు ప్లేట్ల మీద. ఏ పక్కన పీ ఉంటే ఆంధ్రా, కే పక్కన ఏ ఉంటే కర్ణాటక. కాబట్టి డ్రాయింగు నిండా ముక్కలు ముక్కలుగా ఉన్న అక్షరాలు చూసి బెదరలేదు సరికదా, ప్రాణం లేచొచ్చింది.

"ఈ ఎల్.ఓ.ఏ. అంటే ఏంది?"

"పడవ ముందు కొన నుంచి వెనక కొన దాకా మొత్తం పొడవు."

"అంటే బంపరు నుంచి బంపరుకు. సరే. ఈ సీ.బీ.?"

"సెంటర్ బోర్డు. నీళ్లలోకి దించే పలక. గాలి పక్కనుంచి తోస్తే పడవ అడ్డంగా జారిపోకుండా పట్టుకుంటాది."

"అమ్మ నీ... బలే కనిపెట్టినారే!"

ఆ రోజు నుంచి సాయంత్రం కాలేజీ వదలగానే వీణ అంగట్లో దిగేది, ముద్దుకృష్ణ పాఠం మొదలయ్యేది. నేర్చుకున్న మాటలన్నీ షట్టరు లోపలివైపు సుద్దతో రాసుకున్నాడు. తెరచాప ముందంచు లఫ్. వెనకంచు లీచ్. కింది అంచు ఫుట్. పై మూల హెడ్, ముందు కింది మూల ట్యాక్, వెనక కింది మూల క్లూ. తెరచాపను పట్టి లాగే తాడు పేరు షీట్ అని చెబితే మాత్రం కొట్లాటకు దిగాడు. "తాడును షీటంటే గుడ్డనేమంటారు? ఎవడు పెట్టినాడు పేరు?"

"మూల మూలకూ ఒక పేరు యాల పాపా? 'ఆ మూల' అంటే సరిపోదా?" అని అడిగాడు ఒకరోజు.

"గాలి హోరులో 'ఆ మూల, ఈ మూల' అంటే ఎవరికీ అర్థం కాదు అంకుల్. పేరు పెట్టి అరిస్తే చెయ్యి టక్కున ఆడికే పోతాది. ఎడమ, కుడి అని కూడా అనకూడదు. ముందుకు చూసేవాళ్లకు కుడి అయింది వెనక్కి తిరిగినోళ్లకు ఎడమైపోతాది. అందుకే పడవ ఎడమ పక్కకు పోర్ట్, కుడి పక్కకు స్టార్‌బోర్డ్. కాగితం మీద పీ, ఎస్."

ముద్దుకృష్ణ తొడ చరిచాడు. "ఓరి నాయనో! ఇది మాకెప్పుడో తెలుసు గదా! లోడు కట్టేటప్పుడు కుడి ఎడమ అన్నామంటే మోకు ఒకడు ఇట్ల, ఒకడు అట్ల లాగతాడు. డ్రైవర్ సైడు, క్లీనర్ సైడు అంటాము. నువ్వు యాడ నిలబడినా డ్రైవర్ సైడు డ్రైవర్ సైడే. నీ ఎస్సు డ్రైవర్ సైడు, పీ క్లీనర్ సైడు. అంతేనా?"

"అంతే!" అని వీణ పకపకా నవ్వింది.

ఆ వారం ఆయనను పట్టలేకపోయారు. టీ అంగట్లో గ్లాసుకు కూడా పోర్టు, స్టార్‌బోర్డు నిర్ణయించాడు. మంగమ్మ అన్నం వడ్డిస్తుంటే "పప్పు క్లూ పక్కనెయ్యి," అన్నాడు. "నీ నెత్తిన వేస్తా," అంది ఆమె.

అన్నీ అడిగాడు కదా, ఒకటి మాత్రం అడగలేదు. డ్రాయింగులో గుడ్డ పట్టీలు ఒకదానితో ఒకటి కలిసే చోట కుట్టు గీతలు నేరుగా లేవు. అంచులవైపు పోయేకొద్దీ వేలెడంత వంగి ఉన్నాయి. పాపం చిన్నపిల్ల, చెయ్యి వణికి ఉంటుంది అనుకున్నాడు. పేర్లు ఆ పిల్ల దగ్గర నేర్చుకోవచ్చు గానీ, కుట్టు గురించి తనకొకరు చెప్పేదా? ఇనుప స్కేలు పెట్టి గీతలన్నీ తిన్నగా సరిచేశాడు. తిన్నగా కుట్టాడు. పరిచి చూస్తే పలకే. తృప్తిగా ట్యాక్ మూల 'ము.కృ.' అని రాశాడు.

ఆదివారం పుంగనూరు చెరువులో పడవ దించారు. ఈ ఏడు వానలు పడి చెరువు బాగా నిండింది. ముద్దుకృష్ణ ఉతికిన చొక్కా తొడుక్కుని, మంగమ్మను వెంటబెట్టుకుని వెళ్లాడు. వీణ తెరచాప ఎత్తింది. గాలి వచ్చింది. తెరచాప అట్టముక్కలా నిలబడింది, కాసేపు పటపట కొట్టుకుంది. పడవ కదిలిందా అంటే కదిలింది. పక్కన ఈదుతున్న బర్రెలు దాన్ని దాటుకుని అవతలి గట్టెక్కాయి.

వీణ ఒడ్డుకొచ్చి గుడ్డను తడిమి చూసింది. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ మాట తూలలేదు. "కడుపు లేదు అంకుల్. గాలిని పట్టుకునేదానికి తెరచాపకు కడుపుండాల. ఆ వంపు గీతలు అందుకే. చెప్పకపోవడం నాదే తప్పు. పోటీకి ఇంకా పది రోజులుండాయి. వాపస్ తీసుకోని ఏమైనా చేస్తారా?"

వాపస్. ముప్పై ఆరేళ్లలో ఆ మాట ఆయన చెవిన పడటం అదే మొదలు. సిగ్గుతో తల కొట్టేసినట్లయింది. గుడ్డను చుట్టి చంకన పెట్టుకుని మదనపల్లె బస్సెక్కాడు.

మూడు రోజులు ఆ గుడ్డను ముందేసుకుని కూర్చున్నాడు. జన్మంతా గాలిని బయటికి తోసే కుట్టే కుట్టినవాడు, లోపలికి పిలిచే కుట్టు ఎక్కడినుంచి తెస్తాడు? చదునైన గుడ్డకు కడుపెట్లా వస్తుంది? ఊరికే విప్పి కుట్టి ప్రయోగాలు చేద్దామంటే సూది పోటు పడేకొద్దీ గుడ్డ బలహీనపడుతుంది. ఒక్కసారే విప్పాలి, ఒక్కసారే కుట్టాలి. తప్పితే నలుగురు ఆడపిల్లల ఆశ మట్టిలో కలుస్తుంది.

నాలుగో రోజు వెనక గది గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు. "మంగా, చదును గుడ్డకు గుండ్రం ఎట్లొస్తాది?"

మంగమ్మ మిషను ఆపింది. పెళ్లయినప్పటినుంచి కుట్టు గురించి మొగుడు తనను ఒక్క మాట అడగలేదు. అయినా దెప్పలేదు. చేతిలో ఉన్న రవికను తిరగేసి చూపించింది.

"రవికకు డాట్లు యాల పెడతారు? సూడు. ఈడ అంచులో ఎక్కువ మడిచి, పైకి పోయేకొద్దీ తగ్గించుకుంటా పోతే ఆడ గుడ్డ దానంతటదే ఉబ్బుతాది. నీ తెరచాప కూడా అంతే. పట్టీ మీద పట్టీ వేసేటప్పుడు రెండు అంచుల్లో ఎక్కువ ఎక్కించు, మధ్యలో తక్కువ. మొన్న చెరువు కాడే అనుకున్నా. నువ్వడగలేదు, నేను చెప్పలేదు."

ముద్దుకృష్ణ డ్రాయింగు తెచ్చి పరిచాడు. వీణ గీసిన వంపులు అచ్చం రవిక డాట్లే. ఒక్కొక్క వంపు మీదా వేలు పోనిచ్చాడు. "అడిగుంటే అయిపోయేది గదే," అన్నాడు.

రెండు రోజులు ఇద్దరూ ఆ గుడ్డ మీదే ఉన్నారు. ఆమె సుద్దతో గీత గీస్తే ఆయన కుట్టాడు. ఆయన వేలు తొందరపడితే ఆమె "మెల్లగా," అంది. లారీవాళ్లు వచ్చి అడిగితే "రేపు రాప్పా," అని పంపేశారు. ఆఖరి కుట్టు పడ్డాక మంగమ్మ టీ పెట్టడానికి లోపలికి పోయింది. అప్పుడు ఆయన ఒక్కడే పెయింటు డబ్బా తీసుకుని ట్యాక్ మూల దగ్గర కూర్చున్నాడు.

మళ్లీ పుంగనూరు చెరువు. వీణ తెరచాప ఎత్తింది. గుడ్డ ఒకసారి వణికింది, అంతలో నిండుగా ఉబ్బింది. పడవ ఒక పక్కకు ఒరిగి నీళ్లు కోసుకుంటూ పోయింది. గట్టుమీద మంగమ్మ గబుక్కున లేచి, "వచ్చినాడు సూడయ్యో, మీ గురువు పిల్చొద్దన్న అల్లుడు!" అని కేక పెట్టింది.

నడి చెరువులోంచి వీణ గొంతు వినబడింది. "అంకుల్! క్లీనర్ సైడుకు తిరగతాండాను!"

"పోర్టను పాపా, పోర్టను! పోటీలో నవ్వతారు!" అని ఈయన నీళ్ల అంచు దాకా పరిగెత్తాడు. పంచె మోకాళ్ల దాకా తడిసింది, చూసుకోలేదు.

ఒడ్డుకొచ్చాక వీణ తెరచాప దించుతూ ట్యాక్ మూల దగ్గర ఆగింది. అక్కడ పాత రెండక్షరాల ముందు కొత్తగా ఇంకొకటి ఉంది. 'మం.ము.కృ.'

"ఇదేం షార్ట్‌ఫామ్ అంకుల్? నా కాగితంలో లేదే?"

"రాసుకో పాపా. నా బతుకులో వాపస్ వచ్చింది ఇదొకటే. దాన్ని సరిచేసినామె పేరు ముందుండాల గదా."

మంగమ్మ ఆ మూల దగ్గరికి వెళ్లి వంగి, పెయింటు ఆరిందో లేదో అన్నట్లు మొదటి అక్షరాన్ని వేలితో తాకి చూసింది. అది ముందురోజే ఆరిపోయింది.