ఎల్లారెడ్డిలో మెమరీ దొంగ

ఒక్క డ్రైవర్ వల్ల ఒక మనిషిని పోగొట్టుకున్న వైనం చెబుతాను. బస్సు డ్రైవర్ కాదండీ, కంప్యూటర్లో విండోస్‌కి బదులు వాడే లైనక్సులో వైఫైని నడిపే చిన్న ప్రోగ్రాం. దాన్నీ డ్రైవర్ అనే అంటారు.

2011లో ఎల్లారెడ్డిలో ఒక అద్దె గది. అందులో నేను, ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పే నర్సింలు. ఊళ్లో నాతో మాట్లాడేది అతనొక్కడే. మిగతావాళ్లు నేను లైనక్సు ఊసెత్తగానే బస్సొచ్చిందని లేచేవారు, రాకపోయినా.

పగలూ రాత్రీ ఆన్‌లోనే ఉంచే నా పాత లాప్‌టాప్, మూడు రోజులకోసారి మెమరీ నిండిపోయి, బురదలో దిగిన బర్రెలా కదలనని మొండికేసేది. గుమ్మడికాయ దొంగెవరంటే ఎవరి భుజాలు వాళ్లు తడుముకోవాలి. నేను నర్సింలు భుజాలు తడిమాను.

"నువ్వు పాటలు చూసుడుతోనే మెమరీ అంత ఖతం అయితున్నది."

"అరె భై, రెండు పాటలకే గింత పెద్ద మిషిన్ సస్తదా?"

"నీకేం ఎరుక? కెర్నల్ అంటే తెల్సా?"

"తెల్వది. బియ్యం అయిపోయినయని తెల్సు. తెస్తవా?"

బియ్యం తేలేదు, లాప్‌టాప్‌కి పాస్‌వర్డు పెట్టాను. వారానికల్లా అతను పెట్టె సర్దుకుని కామారెడ్డి వెళ్లిపోయాడు.

వింత చూడండి, దొంగ పోయాక దొంగతనం పెరిగింది! ఇప్పుడు రెండు రోజులు తిరక్కుండానే ఆగిపోతోంది. అన్ని ప్రోగ్రాములూ మూసేసి, ఒక్కణ్ణే కూర్చుని అంకెలు చూశాను. ఎవరూ ముట్టుకోకుండానే మెమరీ కరుగుతోంది. లోపల నడిచేవాటిని కూడా ఒక్కొక్కటే ఆపుతూ పోతే చివరికి దొరికింది: నా గొప్పకొద్దీ నేనే ఎక్కడినుంచో తెచ్చి లైనక్సుకి గుండెకాయలాంటి కెర్నల్లో ఎక్కించిన వైఫై డ్రైవర్. అప్పట్లో మా వీధిలో వైఫై ఎవరికీ లేదు. అయినా అది "ఎవరైనా ఉన్నారా?" అని అస్తమానం గాలిలో వెతికేది. వెతికినప్పుడల్లా కాస్త మెమరీ పట్టుకుని, తిరిగి వదిలేది కాదు. ఎవరూ పలికేవారు కాదు. ఆ గదిలో అలాంటివాళ్లం ఇద్దరమయ్యాం.

ఆదివారం కామారెడ్డి వెళ్లి, తప్పు ఒప్పుకున్నాను. నర్సింలు అన్నం వడ్డిస్తూ విన్నాడు.

"గా వైఫైకి బటన్ ఉంటదా?"

"ముందల, నీలి లైటు పక్కన."

"గదేనా! లైటు వట్టిగనే వెలుగుతున్నదని రోజూ బడికి పోంగ నేనే బంద్ చేస్తుంటి."

ఆ లైటు దానంతటదే ఆరిపోతోందనుకుని రోజూ సాయంత్రం నేను వెలిగించేవాణ్ణి. దొంగన్నవాడే అన్నాళ్లూ పగటిపూట మెమరీకి కాపలా కాశాడు.

"మళ్ల వస్తవా, నర్సింలూ?"

"ఈడనే నౌకరి దొర్కింది భై. కూర వేస్కో."

కాబట్టి ప్రమాణం చేస్తున్నాను: ఏ యంత్రం ఆగినా ముందు నేను ఎక్కించినవన్నీ దించి చూస్తాను, ఆ తర్వాతే పక్కవాడి మీద పడతాను. ఈ ప్రమాణం ఇంతవరకూ తప్పలేదు. తప్పాలంటే గదిలో రెండో మనిషి ఉండాలి కదా.