సంతకం కెవిన్‌ది, లెక్క నాది

2011 వేసవిలో అమెరికాలో, మోరిస్‌విల్‌లోని ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో రిస్క్ అనలిస్ట్‌గా చేరాను. అప్పటికి నాకు నలభై ఎనిమిదేళ్లు. అంతకుముందు ఏడేళ్లు ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్ పోకర్ ఆడడమే నా వృత్తి. జూదమనుకుంటారు గానీ, వచ్చిన ముక్కల్లో చాలావాటిని ఆడకుండా పడేయడమే అందులో అసలు పని. ఆ ఏడాది వసంతంలో ప్రభుత్వం పెద్ద పోకర్ సైట్లను మూయించడంతో ఆ పని పోయింది.

ఇంటర్వ్యూకి ముందు మా ఆయన, "కన్సల్టింగ్ చేశానని చెప్పు, ఎవరు చూడొచ్చారు?" అన్నారు. నేను ఉన్నదే చెప్పాను. మేనేజర్ లిండా, "వరసగా ఓడిపోతుంటే ఏం చేసేవారు?" అని అడిగింది.

"కంప్యూటర్ ఆపేసి నడకకి వెళ్లేదాన్ని. ఉక్రోషంతో ఆడితే ఉన్నదీ పోతుంది" అన్నాను. ఉద్యోగం ఇచ్చింది.

ఒక భవనానికి పాలసీ ఇవ్వవచ్చో లేదో లెక్కగట్టి సిఫారసు చేయడం వరకే అనలిస్ట్ పని. ఇచ్చే అధికారం, సంతకం అండర్‌రైటర్‌వి. మరుసటి ఏడాది ఒక ఫర్నిచర్ గోడౌన్‌కి ఇవ్వవచ్చని రాశాను. కెవిన్ అనే అండర్‌రైటర్ సంతకం పెట్టాడు. చలికాలం రాకముందే అది కాలి బూడిదైంది.

రివ్యూ మీటింగ్‌లో అందరూ కెవిన్ వైపే చూశారు. అతని భార్యకి అప్పుడు నెలలు నిండుతున్నాయి. ఆ లెక్క నాదని, అవే వివరాలు రేపు మళ్లీ ఇచ్చినా అదే సిఫారసు చేస్తానని చెప్పాను. సరిగ్గా ఆడి కూడా ఓడిపోవడం పోకర్‌లో రోజూ ఉండేదే.

లిండా నెమ్మదిగా, "లెక్కలో తప్పుందని ఎవరూ అనడం లేదు, పద్మా. కానీ సంతకం అతనిది" అంది. కెవిన్‌కి సంతకం పెట్టే అధికారం తీసేశారు. కొన్నాళ్లకి అతనే రాజీనామా చేశాడు.

వెళ్లే రోజు నా డెస్క్ దగ్గరికి వచ్చి, "మీకు ఇలాంటివి అలవాటే కదా?" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగాడు.

"ఓడిపోవడం అలవాటే. నా ఆటకి ఇంకొకరు ఓడిపోవడం అలవాటు లేదు" అన్నాను. తలూపి, చెయ్యి కలిపి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత రిటైరయ్యేవరకు ఏ సిఫారసూ మెయిల్‌లో పంపి ఊరుకోలేదు. సంతకం పెట్టేవారి దగ్గరికి నేనే వెళ్లి, అది ఎక్కడ బెడిసికొట్టవచ్చో చెప్పేదాన్ని. విన్నాక కొందరు సంతకం పెట్టేవారు కాదు. లెక్క సరిగ్గా ఉంటే చాలన్నది ఒంటరిగా ఆడేవాళ్లకి సరిపోతుంది. ఆఫీసులో ఆ లెక్క బెడిసికొడితే దెబ్బ ఎవరికి తగులుతుందో కూడా ముందే చూసుకోవాలి.