వేరే బంతి వద్దన్న మా అయ్యవారు

మా చరిత్ర అయ్యవారు పోయారన్న కబురు నంద్యాలకు ఆళ్లగడ్డ బస్సులో వచ్చింది. కండక్టరు మా వీధి మొగదల బస్సు ఆపించి మా నాయనను కేకేశాడు. "అప్పా, మీ పక్కింటి అయ్యవారు నిన్న ఊర్లో పోయినాడంట. గుండె ఆగిపోయిందంట. ఎండలు గదా, పెట్టుకోల్యాక మట్టి గూడా చేసేసినారు. మీకు చెప్పమన్యారు" అని, బస్సు కదులుతుంటేనే ఎక్కేశాడు.

నేను అప్పుడు వాకిట్లో చింతచిగురు ఏరుతున్నాను. చేట కింద పెట్టి పక్కింటి దాకా పోయాను. తాళం వేసుంది. సెలవులకని వాళ్ళు ఊరికి పోయిన సంగతి నాకు తెలియదా? తెలుసు. అయినా పోయాను. ఇంటికొచ్చి మళ్ళీ పోయాను. అప్పటినుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. ఇది రాస్తూ కూడా మధ్యలో లేచి వీధి చివర దాకా తిరిగొచ్చాను. మాటలు అక్కడక్కడ తడబడితే చదివేవాళ్ళు ఓర్చుకోవాలి.

ఆయన సొంతూరు ఆళ్లగడ్డ దాటి రుద్రవరం పోయే దారిలో ఉంది. నల్లరేగడి సేద్యం, తరాలుగా మాంసం వండుకునే ఇల్లు. ఆ ఇంట్లో ఆయన ఒక్కరే మాంసం మానేశారు. భార్యను మానమనలేదు. ఆమెను నేను అత్తా అని పిలుస్తాను. ఆదివారం పూట అత్త ఒక పొయ్యి మీద పొట్టేలు కూర వండుకుంటుంటే, ఆయన ఇంకో పొయ్యి మీద తన పప్పు తానే వండుకునేవారు. సేద్యగాళ్ళ ఇంట్లో పుట్టిన మగమనిషి, అందులో హైస్కూలు అయ్యవారు, పంచె ఎగగట్టి పప్పు ఎనుపుతుంటే వీధంతా నవ్వింది. మా నాయన గోడ మీదుగా తొంగి చూసి, "ఏమప్పా, ఉడికిందా?" అనేవారు.

"ఉడికింది, మాడింది గూడా అన్నా. నువ్వు రొంత ఆలస్యంగా అడిగినావు."

నిజంగానే మాడేది. ఆయన మంచి వంటవాడు కాదు. కుండ పొయ్యి మీద పెట్టి, ఏదో గుర్తొచ్చి, గరిటె చేత్తో పట్టుకునే మా వాకిట్లోకి వచ్చేసేవారు. "పాపా, మిరపకాయ మనది కాదు, తెలుసునా? ఓడలెక్కి వచ్చింది. అంతకు ముందు మన కారమంతా మిరియాలే. అహోబిలంలో గుడి వంట చేసేవాళ్ళను అడిగొచ్చినా. కొన్ని నైవేద్యాల్లో ఈ పొద్దుటికీ మిరపకాయ పడదంట" అని మొదలుపెట్టి, మాడు వాసన గోడ దాటి వచ్చేదాకా ఆపేవారు కాదు.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజుల్లో ఒకసారి మమ్మల్ని భోజనానికి పిలిచారు. ఓడలెక్కి వచ్చినదేదీ ఆ వంటలో ఉండదని ముందే చెప్పారు. మిరపకాయ లేదు, ఉర్లగడ్డ లేదు, టమాటా లేదు, చివరికి మా సీమలో ఎటు చూసినా పండే బుడ్డలూ, అంటే వేరుశనగలూ, లేవు. కొర్రన్నం, మిరియాలు దంచి వేసిన అనపగింజల పులుసు, నువ్వులు నూరి కలిపిన సొరకాయ, ఉలవచారు. మా నాయన ఒక ముద్ద తిని చుట్టూ చూశారు.

"ఏందప్పా ఇది, బాలింతకు పెట్టే పత్యమా?"

"మన తాతల తాతలు తిన్న కూడు అన్నా."

"అందుకేనా, పాపం, అందరూ పోయినారు."

అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి పరుగెత్తింది. వచ్చి నాయన ఆకులో ఇంత ఎర్రకారం వేసింది. అయ్యవారికి కోపం రాలేదు. "మిరపకాయ మొన్నొచ్చిన అల్లుడు. ఇంట్లో అందరికన్నా గట్టిగా వాడే మాట్లాడతాడు" అని, తానూ వేలితో కొంచెం అద్దుకున్నారు.

ఆ రోజు నుంచి నాకు మాటల పిచ్చి పట్టింది. కొర్ర, అనప, ఉలవ, సొర అని నోట్లో తిప్పుకుంటూ తిరిగేదాన్ని. ఇవి ఎంత పాతవో, ఉర్లగడ్డ ఎంత కొత్తదో నాలుకకే తెలిసినట్టుండేది.

తరగతిలోనూ ఆయన తీరు ఇంతే. కూర్చుని పాఠం చెప్పిన రోజు నాకు గుర్తులేదు. యుద్ధం గురించి చెబుతూ నడుస్తూ నడుస్తూ ఆగి, "ఆ పొద్దు రాజు ఏం తిన్నాడు? రాజు గుర్రానికి గడ్డి వేసినోడు ఏం తిన్నాడు?" అని అడిగేవారు. మాకెవరికీ తెలియదు. "నాకూ తెల్దు. తెలుసుకోవాలని ల్యాదా మీకు?" అని బల్ల చుట్టూ ఇంకోసారి తిరిగేవారు.

మాంసం లేని తిండికి మన దగ్గర ఒకే చరిత్ర లేదనేవారు. పురుగుకు కూడా హాని జరగకూడదని పొద్దు గుంకక ముందే తినేసిన జైనులది ఒక కథ. మెడలో లింగం కట్టుకుని మాంసం మానినవాళ్ళది ఇంకొకటి. దేవుడికి పెట్టిందే తాము తినే అర్చకులది మరొకటి. ఇవన్నీ ఎవరో ఒకరు రాశారు. ఎవరూ రాయనిది, ఏడాదికి ఏ జాతరకో తప్ప మాంసం ముఖం చూడని కూలివాళ్ళది, పొద్దునా మాపునా జొన్న సంకటీ పుల్లగూరా తిన్నవాళ్ళది. "ల్యాక తిననివాని ఆకు, వద్దని తిననివాని ఆకు చూసేదానికి ఒకటే మాదిరి ఉంటాయి. వాళ్ళిద్దరినీ ఒకటనుకుంటే మాత్రం చరిత్ర తప్పుతాది" అన్నారు. అది నేను పరీక్షలో రాశాను. మార్కులు వేసింది వేరే అయ్యవారు, కొట్టేశారు.

ఆయనకు ఒక పట్టుదల ఉండేది. పెళ్ళిళ్ళలో మాంసం తిననివాళ్ళకు లోపల వేరే బంతి వేస్తారు కదా. ఆయన అందులో కూర్చునేవారు కాదు. కోయిలకుంట్లలో ఒక పెళ్ళిలో, "అయ్యవారూ, మీకు ఆడ శుభ్రంగా వేసినాం, రాండి" అని ఎంత బతిమాలినా కదలలేదు. పందిట్లో మా నాయన పక్కనే కూర్చుని, "నాకు పప్పు పోయండి చాలు" అన్నారు. వడ్డించేవాడు తబ్బిబ్బై ఆయన ఆకులో కూర ఒలకబోశాడు. ఆయన ఆ మెతుకులు అంచుకు నెట్టి మిగిలింది తిన్నారు. తిరిగి వచ్చేటప్పుడు నేను అడిగాను, అసహ్యం వేయలేదా అని.

"మాంసం మానుకునింది నా నోరు పాపా. పక్కన ఎవరు కూర్చోవాలో చెప్పేది నోరు కాదు. మన దేశంలో బంతి వేరైనప్పుడల్లా ఎవరో ఒకరు వాకిట్లో నిలబడినారు."

ఎందుకు మానుకున్నారో చెప్పమంటే చాలాకాలం చెప్పలేదు. చివరికి ఒకరోజు, గరిటె తిప్పుతూ, నా వైపు చూడకుండా చెప్పారు. ఏదో పండగకు వాళ్ళన్న పొట్టేలును పట్టుకుని, కత్తి ఈయన చేతికిచ్చాడట. "చేయి ఆడల్యా. అన్న నవ్వినాడు, తీసుకుని తానే కోసినాడు. అందరం కూర్చున్యాం. కోసేదానికి రాని చేయి తినేదానికి ఎట్ల ముందుకొస్తాంది అని చూసుకున్యా. అంతే."

పెద్దదినానికి, అంటే పెద్దకర్మకు, నాయనా నేనూ ఆళ్లగడ్డకు పోయి, అక్కడినుంచి బండిలో ఆ ఊరు చేరాం. పోయినవాళ్ళకు బంతి మొదట్లో ఒక ఆకు వేసి, వాళ్ళకిష్టమైనవి వడ్డించి, దండం పెట్టుకున్నాకే బంధువులంతా తినడం అక్కడి ఆచారం. పొట్టేలు కూర పడని ఆకును ఆ ఇళ్ళలో ఆకు అనరు. మేము పోయేసరికి వాకిట్లో కూర ఉడుకుతోంది. లోపల అత్త ఒక్కతే కొర్రన్నం వార్చి పప్పు ఎనుపుతోంది. గడప మీద ఆయన అన్న నిలబడి ఉన్నాడు.

"బతికినన్నాళ్ళు వాని ఇష్టం. ఇప్పుడు పెద్దల్లో కల్సినాడు. ఇంగ ఇంటి పద్ధతే" అన్నాడు.

అత్త తల ఎత్తలేదు. "పెద్దల్లో కల్సినంత మాత్రాన నాలుక మారుతాదా బావా?"

"మా తాతకు పెట్టినాం, మా నాయనకు పెట్టినాం. వీనికి పప్పు పోసి పంపిస్తే ఊరేమంటాది?"

"ఊరు ఆయప్పను బతికుండగానే అనింది. కొత్తగా అనేదేముంది?"

ముసలి బంధువొకాయన మధ్యలోకొచ్చాడు. "ఎందుకమ్మా ఇంత గోల? లోపల ఒక ఆకు వేసి నీ పప్పు నువ్వు పెట్టుకో. బయట బంతిలో మా ఆకు మేం పెట్టుకుంటాం."

"వేరేగా లోపల కూర్చునే మనిషైతే నేనెందుకు అడుగుతా?" అంది అత్త.

నేను ఆగలేకపోయాను. "అయ్యవారు ఒప్పుకోరు" అన్నాను, అనుకున్నదానికంటే గట్టిగా.

"ఎవరీ పాప?" అన్నాడు ఆయన అన్న.

"నంద్యాలలో మా పక్కింటి పాప. ఆయప్ప దగ్గర చదువుకునింది."

"చదువుకుంటే చదువుకోనీ. ఆకు మాది" అన్నాడు. మా నాయన నా భుజం పట్టుకుని వెనక్కి లాగారు.

తర్వాత ఆయన అన్న గొంతు తగ్గించి, అత్తకు మాత్రమే చెబుతున్నట్టు అన్నాడు. "చిన్నప్పుడు ఒకే తట్టలో తిన్యాం మేము. నా చేతి ముద్ద వాడు తిని ఎన్నేండ్లాయనో నీకు తెలుసునా? ఆ పొద్దు వాని చేతికి కత్తి ఇచ్చినోన్ని నేనే. ఇయ్యకుంటే తింటాండెనేమో. ఈ ఒక్క పూటన్నా పెట్టుకోనీమ్మా."

అత్త పప్పుగుత్తి కింద పెట్టింది. మళ్ళీ తీసుకుంది. నేను ఆ ఊరికి అయ్యవారి తరఫున మాట్లాడాలని బయలుదేరినదాన్ని. దారి పొడుగునా బండిలో మాటలు పేర్చుకున్నాను. ఆయన అన్న ముఖం చూశాక వాటిలో ఒక్కటీ పనికిరాలేదు. ఎవరిది న్యాయమో అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

బంతి వేశారు. మొదటి ఆకులో అత్త కొర్రన్నం పెట్టి, పప్పు పోసి, చింతచిగురు పచ్చడి వేసింది. ఆయన అన్న కూర గిన్నె పట్టుకుని వచ్చి ఆకు ముందు నిలబడ్డాడు. ఆ ఆకు పని కానిదే ఎవరూ చేయి పెట్టకూడదు. పిల్లలు ఏడవడం మొదలుపెట్టారు. గిన్నెలోంచి ఆవిరి అతని ముఖానికి కొడుతోంది. అతను వంగాడు గానీ ఆకులో వేయలేదు, వెనక్కీ పోలేదు. గిన్నెను ఆకు పక్కన నేల మీద, కూర్చున్న మనిషికి చేయి అందేంత దూరంలో పెట్టాడు. పెట్టి, దాని పక్కనే చతికిలబడి, "తినండప్పా, చూస్తారేం" అన్నాడు.

అందరూ దండం పెట్టి తినసాగారు. నీళ్ళు పోస్తూ వచ్చిన అత్త వంగి, ఎవరినీ చూడకుండా, మునివేళ్ళతో గిన్నెను జానెడు అవతలికి జరిపి ముందుకు పోయింది. ఆయన అన్న పక్కవాళ్ళతో వానల గురించి మాట్లాడుతూనే, మోచేత్తో దాన్ని మళ్ళీ ఆకు దగ్గరికి నెట్టాడు. అత్త చారు తెచ్చింది, గిన్నె అటు పోయింది. చారు దాటిపోయింది, గిన్నె ఇటు వచ్చింది. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. బంతి లేచేవేళకు కూర మీద కొవ్వు తెల్లగా పేరుకుంది. పేడతో అలికిన నేల మీద, ఆకు అంచు నుంచి జానెడు దూరం, ఆ గిన్నె అడుగు తిరిగిన చార పడింది. అత్త మజ్జిగ చెంబు పట్టుకుని మళ్ళీ ఇటే వస్తోంది.