రవిక గుడ్డతో రెక్టిఫయర్ కొన్న మా అక్క

నిన్న పొద్దున ఫోన్. అక్క మనవడు కిరణ్.

"చిన్నవ్వా... అవ్వ పోయింది."

నాకు బుర్ర పనిచేయలేదు. మొన్న సాయంత్రమే కదా, బీపీ మాత్ర మర్చిపోయానని నన్ను తిట్టింది!

చిక్కబళ్లాపురంలో బస్సెక్కి ఏడుస్తూనే ఉన్నాను. సగం దారిలో ఫక్కున నవ్వొచ్చేసింది. పక్కనావిడ హడలిపోయింది.

ఆ రవిక గుడ్డ గుర్తొచ్చింది మరి!

మీలో చాలామందికి తెలీదు. చెప్పి తీరాలి.

పంతొమ్మిది వందల అరవైలలో మాట. బావ చింతామణిలో నికెల్ ప్లేటింగ్ షాప్ పెట్టాడు. సైకిల్ హ్యాండిళ్లను కెమికల్ తొట్టిలో ముంచి, కరెంటుతో మెరుపు పూత వేయడం. బాగేపల్లి సైకిల్ షాపాయన రెండు డజన్లు పంపాడు, బాగా వస్తే ఇక అన్నీ నీకే అని.

పరగోడులో బావ వాళ్ల నాన్న మాత్రం, "ఇది చెడిందంటే షాపు మూసేసి శెనక్కాయ చేనుకు రా" అనేశాడు.

బావ రైతుబిడ్డ. బావికి మోటరు కొన్నట్టే ఆలోచించాడు. ఎంత పెద్దదైతే అంత మంచిదని బెంగళూరు డీలర్ దగ్గర ఇరవై నాలుగు వోల్టుల పాత జనరేటర్ తెచ్చాడు. తగ్గించే ఏర్పాటే లేదు దానికి!

తొట్టిలోంచి తీస్తే హ్యాండిల్ కొనలు మాడిన దోసెల్లా ఉన్నాయి. గోరుతో గీకితే పూత ఊడొచ్చింది.

"ఇంకా పెద్దది కావాలేమో" అన్నాడు బావ.

అక్కకు ఒళ్లు మండింది. ఆమె రవికలు కుట్టేది. కెమికల్స్ అమ్మినవాడు ఇచ్చిన కాగితం తీసి చదివింది. చదరపు అడుగుకు ఇరవై యాంపియర్లు, వోల్టులు ఆరు చాలు.

"ఒళ్లు కొలవకుండా రవిక కుడతారా? హ్యాండిల్ కొలవకుండా కరెంటు యాడ తెస్తివయ్యా!"

"వంకర పైపును ఎట్లా కొలుస్తావే?" అన్నాను, అప్పట్లో వాళ్లింట్లోనే ఉండే నేను.

రవిక గుడ్డను పట్టీలుగా చింపి హ్యాండిల్‌కి ఒక్క చుట్టు చుట్టింది. నేను కొనలు పట్టుకున్నా. మిగిలింది కత్తిరించి, విప్పి నేలమీద పరిచింది. తొట్టిలో పట్టేది మూడు హ్యాండిళ్లు. అన్నీ కలిపి రెండు చదరపు అడుగులు. అంటే నలభై యాంపియర్లు!

ముగ్గురం జనరేటర్‌తో సహా బెంగళూరు వెళ్లాం. డీలర్ మళ్లీ పెద్ద మిషనే చూపించాడు. అక్క బల్లమీద గుడ్డముక్కలు పరిచేసింది.

"ఈ గుడ్డకు సరిపోయే మిషను యాడుండాదో చూపించప్పా."

ఆయన పగలబడి నవ్వాడు. తర్వాత తనే టేపు తెచ్చి కొలిచాడు. నవ్వు ఆగిపోయింది. జనరేటర్ వెనక్కి తీసుకుని, మామూలు కరెంటును పూతకు పనికొచ్చేలా మార్చే యాభై యాంపియర్ల రెక్టిఫయర్ ఇచ్చాడు. తిప్పి తగ్గించుకునే నాబ్‌తో సహా!

ఆ రోజు తొట్టి ముందు అక్క స్టూలేసుకుని కూర్చుంది. "పూత పడేదాకా స్విచ్చి ముట్టుకుంటే చేతులిరగ్గొడతా. మధ్యలో ఆపితే పొర నిలవదు."

మీటరు ముల్లు నలభై మీద నిలబడింది.

హ్యాండిల్ బయటికొచ్చింది. అబ్బా, ఏం మెరుపు! అక్క అందులో చూసుకుని బొట్టు సర్దుకుంది. బావ కళ్లు తుడుచుకున్నాడు. నేను వీధిలోకి పరిగెత్తి అరిచాను.

షాపు మూతపడలేదు. ఇప్పుడు కిరణ్ నడుపుతున్నాడు.

నిన్న నేను చేరేసరికి వాడింకా షాపులోనే ఉన్నాడు. ఇంట్లో అందరూ కోప్పడుతున్నారు. నేనే వెళ్లాను. నాకు ఫోన్ చేసింది కూడా ఆ తొట్టి పక్కన నిలబడేనట.

"హ్యాండిళ్లు లోపల ఉండాయి చిన్నవ్వా," అన్నాడు ఏడుస్తూ. "మధ్యలో ఆపితే అవ్వ ఊరుకుంటాదా?"

ఇద్దరం నిలబడ్డాం. పూత పూర్తయ్యాక స్విచ్ నేనే ఆపాను.

బాగా వచ్చాయక్కా. ఒక్క మచ్చ లేదు.

ఇక నువ్వు స్టూలు దిగి హాయిగా పడుకో.