అన్న కాళ్లకు కట్టిన ఇసుక

మొన్న అలిపిరి దగ్గర ఒక కుర్రాడు కాళ్లకు బరువులు కట్టుకుని మెట్ల మీద పరుగెత్తుతుంటే, చూడలేక తల తిప్పుకున్నాను.

ఎన్నో ఏళ్ల కిందటి మాట. నాకు ఎనిమిదేళ్లు. చిత్తూరులో పోలీసు ఉద్యోగాలకు ఐదు మైళ్ల పరుగు పెడతారని తెలిసి, మా అన్న రోజూ ఇసుక సంచులు కాళ్లకు కట్టుకుని ఆ మెట్ల మీదే పరుగెత్తేవాడు.

"ఇవెందుకన్నా?" అని అడిగాను.

"బరువుతో పరిగెత్తితే, ఇప్పినాక కాళ్లు గాల్లో తేల్తాయి పాపా."

ఎంత బరువుంటే అంత వేగం వస్తుందనుకున్నాను. అన్న గెలవాలని, పరుగు మూడు రోజులుందనగా, ఆ సంచుల కుట్టు విప్పి ఇసుకలో గులకరాళ్లు కలిపి మళ్లీ కుట్టేశాను.

మర్నాడు మెట్లు దిగుతుంటే అన్న మోకాలు మెలిక పడింది. ఆముదం కాచి పట్టు వేసినా వాపు తగ్గలేదు. అయినా చిత్తూరు వెళ్లాడు. సగం దూరంలోనే కూలబడ్డాడట. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"నా కాళ్లల్లో సత్తువే లేదు నాయనా," అన్నాడు.

"పోనీలేరా, మళ్లా ఏడాది సూస్తాం," అన్నాడు నాయన.

మరుసటి ఏడు పిలుపు వచ్చినా అన్న కదలలేదు. తన ఒంట్లోనే లోపముందని చివరిదాకా నమ్మాడు. తిడతాడని భయపడి నేను నోరు విప్పలేదు. ఇప్పుడు చెబుదామంటే అన్న లేడు.