గుడ్ల అరలో తమ్ముడి ఈస్టు

మొన్న ఢిల్లీ పక్కన వైశాలిలో ఉన్న మా ఇంటికి కొత్త ఫ్రిజ్ వచ్చింది. పాతదాన్ని దింపుతుంటే తలుపులోని గుడ్ల అర ఊడి కిందపడింది. పారేయబోతుంటే ఆపి, కడిగి దాచుకున్నాను. ఎందుకో ఇంట్లో పిల్లలకు చెప్పినా అర్థం కాదు, మన వయసు వాళ్లకైతే అవుతుంది.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో మేము ఢిల్లీ సరోజినీ నగర్‌లో గవర్నమెంటు క్వార్టర్లో ఉండేవాళ్లం. మా తమ్ముడు విద్యార్థులు అద్దెకుండే బేర్ సరాయ్‌లో, మంచం వేస్తే తలుపు తెరుచుకోని గదిలో ఉంటూ, బట్టల రంగులు కలిసిన మురికినీళ్లను ఈస్టుతో శుభ్రం చేయడం మీద పరిశోధన చేసేవాడు. అద్దకం పనులు జరిగే చోట కాలువ బురదలోంచి తనే ఏరి పెంచుకున్న ఈస్టు అది. ఒకసారి నేను మార్కెట్లో బేరమాడి కొన్న ఎర్ర లంగా బకెట్ నిండా రంగు దిగితే, నేను దుకాణంవాణ్ణి తిట్టిపోస్తుంటే, వాడు మాత్రం సంబరంగా ఆ నీళ్లు సీసాలో పట్టుకుపోయాడు. మళ్లీ ఆదివారానికి పైన తేటనీళ్లు, అడుగున ఎర్రటి ముద్ద. "నీ లంగా రంగంతా అదే లాగేసుకుంది అక్కా!" అని చిన్నపిల్లాడిలా గంతులేశాడు.

ల్యాబులో ఉన్నవాటికి ఏమైనా అయితే ఇవైనా ఉంటాయని ఆ ఈస్టు ఉన్న గాజు గొట్టాలు కొన్ని తెచ్చి, మేము గుడ్లు తినం కాబట్టి ఖాళీగా ఉన్న గుడ్ల అరలో పెట్టాడు. భోజనానికి వచ్చిన ఆదివారాల్లో అప్పుడప్పుడూ ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, నన్ను వంటింట్లోంచి తరిమేసి, స్టవ్ మంట దగ్గర వాటితో ఏదో చేసుకునేవాడు. నా ఊపిరి కూడా సోకకూడదట. పప్పు చల్లారిపోతోందని నేను బయటి నుంచే సాధించేదాన్ని.

ఒక వానాకాలం డెంగ్యూ వాణ్ణి తీసుకుపోయింది. పెళ్లి కూడా కాలేదు. వాడి చేతిలో ప్రాణం పోసుకున్నదేదైనా మిగిలిందంటే అది నా ఫ్రిజ్‌లోనే ఉందనుకున్నాను. ఆ అరను ఎవరినీ ముట్టనివ్వలేదు. కరెంటు లేనప్పుడు తలుపు తీశారని మావారి మీద కూడా అరిచాను. పక్కింటి ఆంటీలు నాకు పిచ్చి పట్టిందనుకున్నారు, పట్టిందేమో కూడా.

చాలా కాలానికి వాడి స్నేహితుడు వచ్చి, ల్యాబు మారినప్పుడు అక్కడి ఈస్టు పాడైపోయిందనీ, నా దగ్గరున్నది ఇస్తే తమ్ముడి పని తాను పూర్తి చేస్తాననీ అన్నాడు. ఎంత గర్వంగా తీసి ఇచ్చానో! కొన్నాళ్లకు తలవంచుకుని మళ్లీ వచ్చాడు. "ఏదీ బతికి లేదు దీదీ. కొన్ని నెలలకోసారి కొంచెం తీసి కొత్త ఆహారంలో వెయ్యాలి. భయ్యా ఇక్కడికొచ్చి చేసేది అదే కదా" అన్నాడు హిందీలో.

రోజూ కాస్త పెరుగు తీసి కొత్త పాలలో తోడు వేసే చెయ్యి నాది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న తోడును ఢిల్లీ చలిలో కంబళి చుట్టి మరీ కాపాడుకున్నాను. అదే ఫ్రిజ్‌లో, నా పెరుగు గిన్నెకు ఎదురుగా, వాడిది తిండిలేక చచ్చిపోయింది. ఒక్కమాట చెప్పి ఉండకూడదూ అని వాడి మీద కోపం వస్తుంది. చెప్పాల్సిన రోజొస్తుందని పాపం వాడు మాత్రం అనుకున్నాడా?

ఇప్పుడు కొత్త ఫ్రిజ్‌లో మనవరాలి కోసం తెచ్చిన గుడ్లు పేర్చి ఉన్నాయి. పెరుగు ప్యాకెట్లలో వస్తోంది, ఈ రోజుల్లో తోడెందుకని కోడలు నవ్వుతుంది. నేను మాత్రం ఇంకా వేస్తూనే ఉన్నాను. వేసిన ప్రతిసారీ, ఆదివారం ఇంటికొచ్చిన తమ్ముడికి అన్నం పెట్టకుండా పంపేసినట్టు ఉంటుంది.