శ్రీ ముందర పెట్టిన గుర్తు

మా నాయన ఏ సంగతినైనా ఆ వస్తువు మీదే రాస్తాడు. మార్కాపురంలో మాది పలకల దుకాణం. ఇంట్లో సుద్దముక్కలకు కొదవ లేదు, అదే మా ప్రాణాల మీదికి వచ్చింది. మోటారు స్టార్టరు మీద 'తడి చేత్తో ముట్టొద్దు', ఫ్యాను రెగ్యులేటరు పక్కన 'మూడు దాటొద్దు', మంచం కోడు మీద 'ఇది వదులు' అని ఉండేవి. చోటు చాలకపోతే అమ్మకానికి ఉంచిన పలకల మీద రాసి గోడకు ఆనించేవాడు. ఒకసారి కురిచేడు నుంచి ఎవరో ఫోన్ చేసి, మీరు పంపిన కట్టలో ఒక పలక మీద 'పాలు పొంగుతాయి, చూసుకో' అని ఉంది, ఇది పిల్లలకు పాఠమా అని అడిగారు.

ఇవన్నీ అమ్మ కోసం రాసినవే. అమ్మ ఒక్కటి కూడా చదివేది కాదు. "నాకు చెప్పాల్సినయన్నీ గోడలకు చెప్తాడు మీ నాయన" అనేది.

జిల్లాలు మళ్లీ విడగొట్టిన తర్వాతి మాట ఇది. కందుకూరు వాళ్లు ఒక పక్కకు పోయారు, అద్దంకి వాళ్లు ఇంకో పక్కకు పోయారు. ఒంగోలు మాత్రం మాకు ఎప్పటిలాగే దూరంగా ఉండిపోయింది. ఆ ఒంగోలులో నాయన కంటికి ఆపరేషన్ చేయించాలి. శుక్లం బాగా ముదిరింది, ఇంకా నాన్చితే చూపు దక్కడం కష్టమని డాక్టరు కసిరినట్టే చెప్పాడు. షుగరు కూడా ఉంది కాబట్టి కొన్నాళ్లు అక్కడే ఉండాలన్నాడు. నాయన రానన్నాడు. ఎందుకంటే దుకాణంలో లేబుళ్లు అచ్చువేసే మిషన్ ఉంది, అది ఎట్లా నడుస్తుందో ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆ మిషన్‌కు కట్టిన పాత కంప్యూటరులో ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టింది నేనే. దాన్ని ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. దేశదేశాల వాళ్లు పైసా తీసుకోకుండా బాగుచేస్తుంటారు. దానిలో మాటలు తెలుగు చేసే పని నేనూ కొంత నెత్తిన వేసుకున్నాను. లేబుల్ వెడల్పు, ఎత్తు, అక్షరం సైజు అన్నీ ఒక చిన్న సెట్టింగుల ఫైలులో ఉంటాయి. ఆ అంకెలకు అర్థం రాసిపెడితే అమ్మ నడపగలదు. రాయాల్సింది ఎక్కడ అన్నదే తగాదా.

ఆ సిస్టమ్‌ను నడిపే పెద్దల మాట ఏమిటంటే, ఫైలులో సెట్టింగులే ఉండాలి, వివరమంతా విడిగా మాన్యువల్‌లో ఉండాలి. నేను అట్లాగే వేరే కాగితం మీద రాసి అచ్చు తీసి ఇచ్చాను. నాయన దాన్ని కంటికి ఆనించి చూసి పక్కన పడేశాడు.

"మిషన్ ఈడ, దాని సంగతి యాడనో. మోటారు దగ్గర రాయాల్సింది పొయ్యి దగ్గర రాస్తారా ఎవరన్నా?"

సరే అని ఫైలే తెరిచి చూపించాను. నిలువు గీతలు రెండు, అడ్డగీతలు రెండు ఉండే హాష్ గుర్తు ముందర పెడితే, ఆ వరుసలో మనకు కావలసిన మాట ఏదైనా రాసుకోవచ్చని చెప్పాను. నాయన మొహం వెలిగిపోయింది. మధ్యాహ్నమంతా తెరకు ముక్కు తగిలించి కూర్చున్నాడు. సాయంత్రానికి లేబుళ్ల మిషన్ పడుకుంది. మొదటి వరుసలో ఏదో ఉంది, అది నాకు అర్థం కావడం లేదని కంప్యూటరు మొరాయిస్తోంది.

చూస్తే, మొదటి వరుసలో గుర్తూ గిర్తూ లేకుండా 'శ్రీ' అని ఉంది. మా ఇళ్లలో పైన శ్రీ పెట్టకుండా ఏ కాగితమూ మొదలుకాదు, కిరాణా చీటీ కూడా.

"శ్రీ అర్థం కాలేదంటనా? ఏ ఊరి మిషన్ పాపా ఇది?"

దాని ముందు హాష్ పెట్టాను. అచ్చు మొదలైంది.

"ఆ గుర్తు పెడితే ఏమయితాది?"

"మిషన్ ఆ వరుసను పట్టించుకోదు నాయనా."

నాయన కుర్చీ వెనక్కి జరిపాడు. "దేవుని పేరు పట్టించుకోవద్దని మిషన్‌కు నువ్వే చెప్తున్నావా? అది గుర్తేంది, జైలు కమ్మీల మాదిరుంది. నేను ఒంగోలు రాను."

నాకు తల పగలగొట్టుకోవాలనిపించింది. కన్ను పోతుంటే ఈయనకు ఈ పట్టింపేమిటి? ఇంకో దారి తోచక ఆ సిస్టమ్ పెద్దలకే మెయిలు రాశాను, మొదటి వరుసలో ఒక మంగళకరమైన మాటను గుర్తు లేకుండా ఒప్పుకునే వీలుందా అని. ఇది ఎంతమందికి అవసరమని ఒకాయన మర్యాదగా అడిగాడు. పొదిలి, గిద్దలూరు, పెద్దారవీడులతో సహా ఇక్కడి దుకాణాలన్నిటికీ అని రాశాను. ఆ మాటను మాన్యువల్‌లో పెట్టుకోమని ఇంకొకాయన సలహా ఇచ్చాడు. నాయనకు చెబితే, "శ్రీ ఒక చోట, సరుకు ఒక చోటనా?" అని మంచమెక్కాడు.

చివరికి పక్క జెరాక్సు దుకాణం భాయ్ వచ్చి అంతా విన్నాడు.

"అన్నా, మా దుకాణంలో పైన 786 రాసినాం. గిరాకీ చదవాలనా? పైవాడు చూడాలని. మిషన్ చదవకపోతే మీకేం పోయింది? అది చదివి ఏం పుణ్యం సంపాదిస్తాది?"

నాయన పైకప్పు వైపు చూస్తూ ఆలోచించాడు. "అయితే పెట్టు. శ్రీకి తగలకుండా ఎడంగా పెట్టు" అన్నాడు. ఎడంగానే పెట్టాను. నా ప్రాణం లేచొచ్చింది.

ఆ తర్వాత ఆయనను పట్టుకునేవాళ్లు లేరు. సెట్టింగులు నాలుగు, చుట్టూ ఆయన రామాయణం. '# ఇది కాగితం వెడల్పు. ముట్టొద్దు.' దాని కింద '# ముట్టినావా?' ఇంకొంచెం కిందికి '# పొదిలి పార్టీ అక్షరాలు పెద్దగా కావాలంటాడు. వినొద్దు.' ఎక్కడో అడుగున, ఏ సెట్టింగుకూ సంబంధం లేకుండా '# అన్నం తిన్నావా?' అని ఉంది. నేను చూసీ చూడనట్టు ఫైలు మూసేసి, ఆయనను ఒంగోలు బస్సెక్కించి నేనూ వెంట వెళ్లాను.

ఆపరేషన్ నాడు నా ఫోను బ్యాగులో ఉండిపోయింది. ఆసుపత్రి బయటికి వచ్చాక దుకాణానికి చేస్తే అమ్మ నింపాదిగా చెప్పింది.

"కంప్యూటర్ ఏదో అడిగింది. 'స్థానికంగా సవరించబడిన దస్త్రమును నిలుపుకొనుటయా, నూతన ప్రతిని ప్రతిష్ఠించుటయా' అంట. ఎవరు రాసినారో గానీ, మనిషి మాట్లాడినట్టు లేదు."

రాసింది నేనే. సిస్టమ్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడు పాత ఫైలు ఉంచాలా, తీసేసి కొత్తది పెట్టాలా అని అది అడుగుతుంది. కొత్తది అంటే మా లేబుళ్ల కొలతలన్నీ గంగలో కలిసినట్టే.

"నువ్వేం చెప్పినావమ్మా?"

"శ్రీ రాసిండేదాన్ని ఎట్ల తీస్తారు? పాతదే ఉండనీ అన్నా. అచ్చు పడతానే ఉంది."

తిరిగొచ్చిన రోజు నాయన నల్లద్దాలతోనే నేరుగా దుకాణంలోకి నడిచాడు. ఫైలు తెరవమని, తాను కుర్చీ గోడ దాకా జరుపుకుని కూర్చున్నాడు. అంత దూరం నుంచి శ్రీ మొదలుకుని ఒక్కో వరుసా పైకి చదివాడు. అడుగుకు వచ్చి ఆగిపోయాడు. '# అన్నం తిన్నావా?' కింద, గుర్తు కూడా సరిగ్గా పెట్టి, అమ్మ రాసిన వరుస ఉంది.

'# తిన్నాను. ఇట్లాంటివి నోటితో అడగండి.'

నాయన అద్దాలు సర్దుకున్నాడు. గొంతు తగ్గించి, "దీన్ని తీసేస్తే మిషన్‌కు ఏమన్నా అయితాదా?" అని అడిగాడు.

"మిషన్‌కు ఏం కాదు నాయనా."

ఆయన కుర్చీలోంచి లేచాడు. తర్వాత లోపలికి తిరిగి, నేను పుట్టినప్పటి నుంచి ఒక్కసారీ వినని మాటను, వీధిలోకి వినబడేటట్టు అరిచాడు.

"ఏమే, అన్నం తిన్నావా?"